దివాను ముందు కూర్చున్న మావటి

ప్రశ్నకు సూటిగా జవాబు చెబితే అడిగినవాడు మర్నాటికల్లా మరచిపోతాడని విరూపాక్షస్వామివారి నమ్మకం. అందుకని ఎవరేమడిగినా ఓ కథ అంటగట్టి పంపేవారు. ఒకనాడు శిష్యుడు భైరవభట్లు బొంగురు గొంతుతో వచ్చాడు. "స్వామీ, కొత్తగా చేరిన పిల్లలను తెల్లవారగట్ల లేవండర్రా అని నా పడక మీంచి ఎంత కేకలేసినా లేవడం లేదు. ఏ మాట వాడితే వింటారు?"

స్వామివారు కథ ఎత్తుకున్నారు.

అప్పలసూరి అనే మావటికి ఏడేళ్ల కూతురు, పైడి. సంస్థానంవారు ఒక గున్న ఏనుగును అతనికి అప్పగించారు. గుండ్రంగా ఉందని పైడి దానికి గుమ్మడి అని పేరు పెట్టింది. తన అన్నం ముద్దలో సగం దానికి, దాని చెరకులో సగం తనకు. నాలుగు నెలల్లో గుమ్మడి కూర్చోవడం, లేవడం, దండం పెట్టడం నేర్చుకోవాలి. లేకపోతే అడవిలో దుంగలు లాగే పనికి తోలేస్తారు. ఆ మాట విన్నరోజు పైడి అన్నం ముట్టలేదు.

తండ్రి "కూకో!" అని అరిచినప్పుడల్లా, ఒక్కతే కూర్చోవాలంటే గుమ్మడికి సిగ్గేస్తుందని పైడి కూడా పక్కన చతికిలపడేది. "లెగు!" అంటే లేచేది. గుమ్మడి ఓరకంట చూసి అలాగే చేసేది. అప్పలసూరి మాత్రం "నా గొంతంటే మాటలా!" అని మీసం దువ్వుకునేవాడు.

పరీక్షనాడు దివానుగారు పరివారంతో దిగారు. పెద్దల ముందు ఆడపిల్ల మట్టిలో దొర్లితే ఏం మర్యాద అని అప్పలసూరి పైడిని గడ్డిపాకలో పెట్టి గడియ వేశాడు.

"కూకో!" అన్నాడు. గుమ్మడి అటూ ఇటూ వెతికింది. "కూకోవే!" అన్నాడు. గుమ్మడి తొండం చాపి దివానుగారి తలపాగా వాసన చూసింది. మూడోసారికి అప్పలసూరి గొంతు కీచుమంది. దివానుగారు తలపాగా సర్దుకుని, గుమాస్తాతో "దుంగల పనికి రాసుకో" అన్నారు.

పాక సందులోంచి పైడి ఏడుస్తూ అరిచింది. "నానా! నువ్వు కూకో! నువ్వు కూకుంటే అదీ కూకుంటాది!"

దివానుగారి ఎదుట మావటి కూర్చోవడమా! తాతముత్తాతల నాటినుంచి ఆ ఇంట ఎవడూ అంత తెగింపు చేయలేదు. అప్పలసూరి దివానుగారిని చూశాడు. గుమ్మడిని చూశాడు. సందులో కూతురి తడికళ్లు చూశాడు. చూసి, దబ్బున మట్టిలో చతికిలపడ్డాడు. ఆ వెంటనే గుమ్మడీ చతికిలపడింది.

అసలు చిక్కు లేవడం దగ్గర వచ్చింది. అప్పలసూరికి మోకాళ్లు పట్టేశాయి. అతను లేవలేడు, అతను లేవనిదే అది లేవదు. చివరికి ఇద్దరు బంట్లు చంకల కింద చేతులేసి అతన్ని లేపితే గుమ్మడి కూడా లేచి నిలబడింది. అతను సిగ్గుతో చచ్చిపోతూ దండం పెట్టాడు, అది తొండమెత్తి దండం పెట్టింది. దివానుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏనుగును ఇక్కడే ఉంచండి. మావటికి మోకాళ్ల నూనె ఇప్పించండి" అన్నారు. గడియ తీసేదాకా పైడి ఆగలేదు, గడ్డి తడిక కిందనుంచి దూరి వచ్చి గుమ్మడి కాలిని వాటేసుకుంది.

భైరవభట్లు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "బాగుంది స్వామీ. ఇంతకీ చివర్లో మావటి ఏ మాటంటే అది కూర్చుంది?"

"అప్పుడతను నోరే తెరవలేదు నాయనా" అన్నారు స్వామివారు.