మబ్బు వెంట వెళ్లని నేలపిచ్చుక

ఒకప్పుడు నేలపిచ్చుకలకు ఒక ఊరంటూ ఉండేది కాదర్రా. మబ్బు ఎక్కడుంటే అక్కడే కాపురం. మబ్బు కదిలిందంటే గుంపంతా రివ్వుమని దాని వెనకాలే. ఎండంటే ఏమిటో ఎరగవు, దర్జా బతుకు!

ఒక ఏడు మబ్బు రాళ్లకొండ మీద ఆగింది. గడ్డి మొలిచి గింజ పట్టింది. అక్కడే సుంకన్న అనే కుర్రపిచ్చుక ఈరమ్మను పెళ్లాడాడు. తీరా మబ్బు బయలుదేరే రోజున ఈరమ్మ గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టి కూచుంది!

"పొయ్యే పొద్దున ఇదేం పని కోడలా!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

"మబ్బుమామా, పిల్లలయ్యేదాకా ఉండవా?" అని సుంకన్న బతిమాలాడు.

"నా చేతుల్లో ఏముందిరా అబ్బీ, గాలి తోస్తాంటే పోతాండా," అన్నాడు మబ్బుమామ.

"నాయనా, పిల్లలకు రెక్కలొచ్చినాక ఎంటబెట్టుకోని రా. నీకోసరం చూస్తాంటా," అని అమ్మ ఏడుస్తూ ఎగిరిపోయింది.

ఇంకేముంది, ఎండ నిప్పులు చెరిగింది. గుడ్లు పిల్లలయ్యాయి. ఈరమ్మ మేతకు పోతే సుంకన్న రెక్కలు విప్పి పిల్లలకు నీడ పట్టేవాడు. పట్టేవాడే గానీ, ప్రాణమంతా అమ్మ మీదే. ఉండబట్టలేక పైపైకి ఎగిరి, "అమ్మా!" అని కూసేవాడు. దూరాన మబ్బు నల్లగా కనిపించేది. ఇంకాస్త ఎగిరితే చాలు! అంతలో కింద పిల్లలు ఎండకు కీచుమనేవి. పాపం, రెక్కలు ముడిచి రాయిలా కిందికి దూకేవాడు.

పిల్లలకు రెక్కలొచ్చాయి. సుంకన్నకు కాలు నిలవలేదు. "పదండి, మబ్బు కిందికి, మీ అవ్వ దగ్గరికి పోదాం!"

"మబ్బంటే ఏంది నాయనా?"

"చల్లగా ఉంటుందిరా. దాని కింద ఎండే తగలదు."

"ఎండ లేకుంటే చలేయదా? మేము రాము. మన ఊరు ఇడిసిపెట్టి యాడికి పోదాం?" అన్నాయి పిల్లలు, కాలే బండ మీద హాయిగా పొర్లుతూ.

సుంకన్న కసురుకోబోయి మానుకున్నాడు. ఒక్కడే పైకెగిరి, కూసి, చాలాసేపు చూశాడు. మళ్లీ దిగొచ్చాడు.

అప్పటినుంచే నేలపిచ్చుక రాళ్లకొండ వదలదు. ఎంత మబ్బొచ్చినా దాని వెంట పోదు. మిట్టమధ్యాహ్నం మాత్రం పైపైకి ఎగిరి, ఎవరినో పిలిచినట్టు కూసి, ఉన్నట్టుండి రెక్కలు ముడిచి దూకేస్తుంది. పిల్లలు కిందున్నాయి మరి, ఏం చేస్తుంది!