రెండో బొత్తాం

నూకరత్నానికి ఆ శనివారం ఒకటే బాధ. కూతురు కారు వద్దంటోంది.

అసలు కారే వద్దంటే పోనీలే, ఖర్చు తప్పిందని ఊరుకునేది. లిఖితకి కారు కావాలి. కాని తల్లి కొనిస్తానన్న పెద్ద కారు వద్దట. హోమియో డాక్టరు గారు అమ్మకానికి పెట్టిన ఎనిమిదేళ్ళ నాటి చిన్న కారు చాలట. పద్దెనిమిది నిండి, లైసెన్సు చేతికొచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. ఆ వయసు పిల్ల మాట్లాడే మాటలేనా ఇవి?

కారు అవసరమన్నది మాత్రం నిజం. లిఖిత కాలేజీకి పోతూనే పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కడుతుంది. కడియపులంకలో పూలు కొని, బుట్టలతో బస్సెక్కి, ముహూర్తం వేళకి పెళ్ళివారి ఊరు చేరేసరికి సగం మల్లెలు నలిగిపోతున్నాయి.

పొద్దున బీమా ఏజెంటు వచ్చి రెండు కార్లకీ చెరో కాగితం రాసిచ్చాడు. పెద్ద కారుకి ఏడాదికి డెబ్భై వేల పైన. చిన్నదానికి ఏడు వేల చిల్లర. "బండి ఖరీదు, ఇంజను సైజు, వాటిని బట్టే ఉంటదండీ రేటు," అని టీ తాగి వెళ్ళాడు.

లిఖిత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఇది మూడు జడలు," అంది చిన్నదాని మీద వేలు పెట్టి. "ఇది ముప్ఫై."

"నిన్నెవరు కట్టమన్నారే? నేను లేనా?"

"బండి నువ్వు కొనిపెట్టు, కాదనను. బీమా, పెట్రోలు నావి. అవి కూడా నువ్వే కడితే అది నీ కారమ్మా. నాది ఎలాగవుతుంది? అలాగైతే నేను బస్సు మీదే వెళ్తాను."

నూకరత్నం చిన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సు అడుగున పడేసింది. పెద్ద కారుకి సాయంత్రం నాలుగింటికి అడ్వాన్సు కడతానని షోరూంలో మాటిచ్చేసింది మరి.

ఆవిడ పట్టుదలకి కారణం ఉంది. పదిహేడేళ్ళ కిందట, మొగుడు పోయిన ఏడాదికి, చంకలో పిల్లతో డ్రైవింగు నేర్చుకుంటానని బయలుదేరితే రావులపాలెం రావులపాలెమంతా నవ్వింది. ఆడది స్టీరింగు పట్టుకుంటే వీధిలో కోళ్ళు కూడా బతకవన్నారు. నవ్వనివాడు ఒక్క దానియేలు మేష్టారు. ఆర్టీసీలో ముప్ఫై నాలుగేళ్ళు బస్సు తోలి, ఒక్క యాక్సిడెంటు లేకుండా దిగి, ఇంటి ముందు ఖాళీ జాగాలో డ్రైవింగు నేర్పుతున్న మనిషి. "పిల్లని ఆ ఉయ్యాల్లో వేసి, వచ్చి సీట్లో కూర్చో," అన్నారు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు నూకరత్నానికి ఐదు స్కూలు వ్యాన్లు. మొదటి వ్యాను ఈనాటికీ తనే తోలుతుంది. దిగిన ప్రతి పిల్లనీ పేరుపెట్టి పిలిచి, బండి ముందు నుంచి రోడ్డు దాటించి గాని క్లచ్చి వదలదు. ఆనాడు నవ్వినవాళ్ళ మనవలు ఆవిడ వ్యానులోనే బడికి వెళ్తున్నారు. ఇక మిగిలింది ఒక్కటే కోరిక. ఆ గుమ్మాల ముందు నుంచి తన కూతురు అందరికంటే ఎత్తుగా కూర్చుని వెళ్ళాలి. కోరికలో తప్పేముంది? ఆ మాటకొస్తే ఏమీ లేదు.

"పద, మేష్టారినే అడుగుదాం," అంది కూతురితో. ఆయన తనవైపే మాట్లాడతారని ఆవిడకి గట్టి నమ్మకం.

షోరూం వాళ్ళు నడిపి చూసుకోమని పూటకి ఇచ్చిన పెద్ద కారులో తల్లి ముందు బయలుదేరింది. డాక్టరు గారిని అడిగి తెచ్చుకున్న చిన్న కారులో లిఖిత వెనక వచ్చింది. దారి పొడుగునా జనం తలలు తిప్పి చూశారు. నూకరత్నానికి కడుపు నిండిపోయింది.

దానియేలు మేష్టారు ఇంటి ముందు పొట్టి పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. ఒంటి మీద పాత ఖాకీ చొక్కా. రెండు కార్లూ పక్కపక్కన ఆగాక తలెత్తి చూసి, "రా రత్నం, రా అమ్మాయ్," అన్నారు.

నూకరత్నం చెప్పడం మొదలుపెట్టింది. కారు గొప్పదనం చెప్పింది. నాలుగింటికి కట్టాల్సిన అడ్వాన్సు సంగతీ, బీమా సంగతీ చెప్పింది. "మూడు జడలంట, ముప్ఫై జడలంట! నా కష్టమంతా ఎవరి కోసవండీ మేష్టారండీ? అది ఎత్తు మీద కూర్చుంటే నేను చూసుకోవద్దా? మీరైనా చెప్పండి దానికి."

మేష్టారు చిక్కుళ్ళు తుంచుతూనే విన్నారు. ఆవిడ మాటలన్నీ అయిపోయాక చెయ్యి చాచి, "తాళం ఏదీ, చూద్దాం," అన్నారు.

పెద్ద కారు తాళం ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. ఎక్కి కూర్చో. ఆ గేటు దాకా పోనిచ్చి ఆపు, చూస్తాను."

నూకరత్నం చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని సీటెక్కింది. తలుపు మెత్తగా మూసుకుంది. ఎంత ఎత్తు! మేష్టారి ఇంటి పెంకులు, ప్రహరీ అవతల కాలవ, కాలవ గట్టున ఆరేసిన బట్టలు, అన్నీ కనిపిస్తున్నాయి. గేటు దాకా దారి నున్నగా ఖాళీగా ఉంది. అద్దంలో తన మొహం చూసుకుంది. ఆ మొహం ఆవిడకే నచ్చింది.

స్టార్టు బొత్తాం నొక్కింది. ఇంజను పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, తాళం మేష్టారి దగ్గరే ఉండిపోయిందని.

తలుపు కొంచెం తీసి చూసింది. మేష్టారు అరుగు మీద లేరు. గుమ్మంలో లేరు. నూతి దగ్గరా లేరు. లోపలికి వెళ్ళారేమో అనుకుంది. లిఖిత మాత్రం చిన్న కారుకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"మేష్టారండీ! ఎక్కడున్నారండీ? తాళం మీ దగ్గరే ఉండిపోయింది!"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"ఎక్కడండీ?"

"నీ ముందే."

నూకరత్నం ముందుకి వంగింది. మెడ సాచింది. పొడుగాటి బానెట్టు, దాని అవతల ఖాళీ దారి. మనిషి లేడు. సీట్లోంచి సగం లేచి, స్టీరింగు మీద ఒరిగి చూసింది. బానెట్టు అంచుకి అవతల ఒక నెరిసిన తల కనిపించింది.

ఆయన పీట తెచ్చుకుని బండికి నాలుగడుగుల్లో వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో చిక్కుళ్ళ పళ్ళెం. కారు తాళం పళ్ళెంలోనే ఉంది.

"తాళం నీ దగ్గరే ఉంటే ఏం చేసేదానివి రత్నం?"

అబద్ధం చెప్పే అలవాటు లేదు ఆవిడకి, అందులోనూ ఆయన దగ్గర.

"పోనిచ్చేదాన్నండీ."

ఆయన తల ఊపి ఇంకో చిక్కుడుకాయ తుంచారు.

నూకరత్నం కిందికి దిగింది. ఎక్కేటప్పుడు తెలియలేదు గాని, దిగడానికి చాలా కిందికి రావలసి వచ్చింది. ఇలాంటి వాటికి ముందు కెమెరా పెట్టించుకోవచ్చు అనబోయి, ఆ మాట తనకే బాగోక ఆగిపోయింది.

మేష్టారు లేచి, పీట చిన్న కారు ముందుకి జరుపుకున్నారు. అక్కడా నాలుగడుగులే. మళ్ళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు కూర్చో అమ్మాయ్," అన్నారు.

లిఖిత ఎక్కి కూర్చుంది.

"కనిపిస్తున్నానా?"

"ఆయ్, శుభ్రంగా కనిపిస్తున్నారు తాతగారండీ. మీ చొక్కాకి పైనుంచి రెండో బొత్తాం ఊడిపోయింది. దారం వేలాడుతోంది."

మేష్టారు గడ్డం వంచి చూసుకున్నారు. "ఔను సుమీ. ఎప్పుడూడిందో!"

ఆయన చొక్కా విప్పి నూకరత్నం చేతికిచ్చారు. "సూదీ దారం గూట్లో ఉన్నాయి రత్నం. బొత్తాల డబ్బా కూడా అక్కడే ఉంటుంది." అంతే చెప్పి, బనీనుతో పళ్ళెం పట్టుకుని అరుగెక్కి కూర్చున్నారు.

ఐదు వ్యాన్ల యజమానురాలు లోపలికి వెళ్ళి సూదీ దారం తెచ్చుకుంది. వచ్చి, ఎందుకో పీటని పెద్ద కారు ముందుకి లాక్కుని కూర్చుంది. తలెత్తి చూసింది. తళతళలాడే కొత్త కారు ముక్కు కనిపించింది. దాని పైన ఆకాశం కనిపించింది. ఇందాక తను కూర్చున్న సీటు జాడ లేదు. తన వ్యాన్లకి ముక్కే లేదు. ముందు నుంచి దాటే పిల్ల జడ రిబ్బను కూడా కనిపిస్తుంది వాటిలోంచి. పదిహేడేళ్ళు బండి నడిపిన చూపు అనుకుంది తను. ఆ చూపుకి ఎదురుగా కూర్చున్న గురువు కనిపించలేదు.

సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి మరి.

కాసేపటికి లేచి, పీట మళ్ళీ చిన్న కారు ముందు వేసుకుంది. బొత్తాం గట్టిగా నాలుగు కుట్లు వేసి, దారం పళ్ళతో కొరికింది. కొరుకుతూ తలెత్తింది. లిఖిత ఇంకా స్టీరింగు దగ్గరే ఉంది. నుదుట బొట్టు, బుగ్గ మీద పుట్టుమచ్చ, చేతివేళ్ళకి పూలదారం కోసుకున్న గాట్లు, అన్నీ కనిపిస్తున్నాయి.

"అడ్వాన్సు ఎన్నింటికన్నావు రత్నం?" అరుగు మీద నుంచి అడిగారు మేష్టారు.

నూకరత్నం పర్సు తెరిచి, అడుగున చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీసింది. మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేసింది. లేచి వెళ్ళి, కారు కిటికీలోంచి కూతురికి అందించింది.

"ఇదిగో. నీ బీమా నువ్వే కట్టుకో."

తిరిగొచ్చి పీట మీద కూర్చుని చొక్కా మడత పెడుతూ చూసింది. ఆ మాటకి పిల్ల మెడ ఎంత నిటారుగా లేచిందో, అంత కింద నుంచి కూడా కనిపించింది.