నీలం తెర అడిగిన మాట

పొద్దున్నించీ ఓబులేసుకు కాలు ఒకచోట నిలవడం లేదు. లైనక్స్ మిషన్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కిస్తున్నాడు. ఎక్కించడమైతే అయిపోతోంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం తెర మీద అదే ముతక బొమ్మ, అవే లావుపాటి అక్షరాలు. కార్డు పెట్టినట్టే లేదు.

కడపలో దాదాపీర్ ఉస్తాద్ దగ్గర కంప్యూటర్ పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఓబులేసంత చురుకైనవాడు లేడు. ఆ చురుకే వాడికి తంటా. ఎవరైనా ఏదైనా చెప్పబోతే సగంలోనే "అర్థమైంది" అనేస్తాడు.

"సాయంత్రానికి ఈ మిషన్ బాగుచెయ్. రేపట్నించి నా కుర్చీలో కూచుని కొత్తవాళ్లకు నువ్వే నేర్పు," అని ఉస్తాద్ అన్నాక ఇక వాణ్ణి పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. టీకొట్టు దాకా పోయి చెప్పొచ్చాడు.

ఇప్పుడు సాయంత్రమైంది.

"కార్డే బాగలేదేమో ఉస్తాద్," అన్నాడు. "డ్రైవర్‌లో తప్పుండదు. ఓపెన్ సోర్సు. రాసిందంతా బయటే పెట్టినారు, ఎవరైనా చదవచ్చు."

"నువ్వు చదివినావా?"

"చదివేదెందుకు ఉస్తాద్, పనిచేస్తే చాలు కదా."

ఉస్తాద్ నవ్వాడు. "నా ముందర ఒకసారి ఎక్కించు."

ఓబులేసు పాతది తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంది. ఎప్పట్లాగే వాళ్లమ్మ పేరు కొట్టాడు. అంతా అయ్యాక రీస్టార్ట్ ఇచ్చి, ఎంటర్ మీట మీద వేలు పెట్టాడు. మిషన్ లేచేటప్పుడు ఎంటర్ టకటకా కొడుతూ ఉంటే తొందరగా లేస్తుందని వాడి నమ్మకం.

ఉస్తాద్ కీబోర్డు లాక్కుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"చేతులు కట్టుకో."

తెర నల్లబడింది. తర్వాత నీలంగా మారింది. ఉస్తాద్ ఒక్క మీట నొక్కి ఆగాడు. తెర మధ్యలో కొన్ని వరుసల అక్షరాలు వచ్చి అట్లాగే నిలబడ్డాయి.

"ఇదేంది ఉస్తాద్? ఇది ఇంతకుముందు రాలేదే."

"వచ్చింది."

ఓబులేసు తెల్లబోయి చూశాడు.

"ఎవరైనా చదవచ్చంటివి కదా," అన్నాడు ఉస్తాద్. "ఇది చదువు."

ఓబులేసు వంగి చదివాడు. కొత్త డ్రైవర్ మీద ఉన్న సంతకాన్ని నమ్మమంటావా, లేకుంటే దాన్ని వదిలేసి ముందుకు పొమ్మంటావా అని మిషన్ అడుగుతోంది. ముందుకు పొమ్మనేది మొదటి వరుసలో ఉంది. ఎంటర్ కొడితే దాన్నే ఎంచుకున్నట్టు. పొద్దున్నించీ అది అడిగిన ప్రతిసారీ, ఏం అడిగిందో చూడకుండానే తను అదే జవాబు చెబుతూ వచ్చాడు.

వాడికి సిగ్గేసింది. ఉస్తాద్ కీబోర్డు చేతికిచ్చాడు. ఓబులేసు నమ్మమనే రెండో వరుసకు దిగి, అది ఇందాకటి పాస్‌వర్డ్ అడిగితే వాళ్లమ్మ పేరు ఒక్కో అక్షరమే చూసుకుంటూ కొట్టాడు.

మిషన్ మళ్లీ లేచింది. ఈసారి తెర మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గండికోట లోయ బొమ్మ, రాయి రాయీ లెక్కపెట్టేంత స్పష్టంగా. ఓబులేసు ఎగిరి గంతేశాడు. సంతోషం పట్టలేక ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

అప్పుడే ఒక పెద్దామె ప్రింటర్ మోసుకుంటూ లోపలికొచ్చింది. "నాయనా, దీంట్లో కాగితం పెడితే..."

"అర్థమైంది" అన్నమాట ఓబులేసు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ప్రింటర్ అందుకుని బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు.

ఆమె మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపే చెప్పింది.

ఉస్తాద్ లేచి, తన కుర్చీని ఓబులేసు వైపు జరిపాడు.