నబీ సాహెబ్ మల్లారి

బాపట్లలో వయొలిన్ నేర్పే ఉపద్రష్ట సీతాపతి మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా చిక్కు ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పేవారు కాదు. తనకు ఎక్కడో పనుందని, వెంట రమ్మనేవారు. వెళ్లి వచ్చాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు మళ్లీ అడగమనేవారు.

ఒక ఆదివారం అలా ప్రశ్న వేసినవాడు కిరీటి. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం, ముప్పై రెండేళ్ల వయసు, మాస్టారి దగ్గర ఆరేళ్లుగా పాఠం. కాలం చేసిన నాదస్వర విద్వాంసుడు షేక్ నబీ సాహెబ్ అంటే అతనికి ప్రాణం. ఆయన పాత రికార్డింగులు ఎక్కడెక్కడివో వెతికి పట్టుకుని, ఫోటోలు జతచేసి నెట్‌లో వీడియోలు పెడుతుంటాడు. వాటిలో ఒకటి మల్లారి. దేవుడి ఊరేగింపు బయలుదేరేటప్పుడు వాయించే ఆ బాణీని నబీ సాహెబ్ స్వయంగా కట్టారు. ఆ వీడియో లక్షమంది చూశారు. ఇప్పుడు దాన్ని తీసేయమంటూ మార్టూరు నుంచి సాహెబ్ కూతురు జైనబ్ బీ సందేశం పంపింది.

“కాపీరైట్ అంటున్నారు మాస్టారూ,” అన్నాడు కిరీటి. “నేనేమన్నా వ్యాపారం చేస్తున్నానా? ఆ టేపు కచేరీలో ఎవరో రికార్డు చేసుకున్నది, వందమంది దగ్గరుంది. సాహెబ్ పేరు మరుగున పడకూడదని పెట్టాను. అభిమానానికి కూడా అనుమతి కావాలా?”

మాస్టారు వయొలిన్ కమానును పెట్టెలో పెట్టి మూత వేశారు. “వచ్చే ఆదివారం నాకు మార్టూరులో పనుంది. నువ్వూ రా,” అన్నారు.

కిరీటికి ధైర్యం వచ్చింది. మాస్టారూ సాహెబూ ముప్పై ఏళ్ల స్నేహితులు. ఆయన ఒక్క మాట చెబితే ఆమె మెత్తబడకపోదు అనుకున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి జైనబ్ బీ వసారాలో కూర్చుని నాదస్వరం మూతికి పెట్టే రెల్లు ముక్కలను దారంతో కడుతోంది. ఆమె కూడా విద్వాంసురాలే. లోపలి గదిలో ఆమె కూతురు షాహీన్ సాధకం చేస్తోంది. కుశల ప్రశ్నలయ్యాయి, టీలు వచ్చాయి. కిరీటి తన సంగతి ఎప్పుడెత్తుతారా అని చూస్తున్నాడు. మాస్టారు ఎత్తింది వేరే సంగతి.

“అమ్మా, ప్రతి ఏడాదిలాగే ఈ ఏడాదీ అడుగుదామనే వచ్చాను. నాన్నగారి మల్లారి నా శిష్యులకు చెప్పుకోనా?”

జైనబ్ బీ చేతిలో దారం ఆగింది. “నాన్న పోయేముందు దాన్ని షాహీన్‌కి ఇచ్చారు మాస్టారూ. తన తర్వాత మొదట వాయించేది మనవరాలే కావాలని ఆయన కోరిక. పిల్లకి అది పట్టుబడడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. అంతవరకూ వద్దు.”

“అలాగేనమ్మా,” అని మాస్టారు గ్లాసు ముందుకు జరిపి ఇంకొంచెం టీ పోయమన్నారు.

కిరీటికి ఒక సంగతి గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరనుకుని మాస్టారు ఆ మల్లారిని మొదటినుంచి చివరిదాకా వాయించడం అతను తలుపవతల నిలబడి విన్నాడు. ఒక్క స్వరం తడబడలేదు. నేర్పమని అడిగితే ఆయన వినపడనట్టే తీగలు శ్రుతి చేసుకున్నారు.

“వీడియో పెట్టింది మీరేనా?” అని అడిగింది జైనబ్ బీ.

“నేనేనమ్మా.”

ఆమె గొంతులో కోపం లేదు. “మీరు పెట్టిన నెలకల్లా ఎవరో బ్యాండు వాళ్లు పెళ్లి ఊరేగింపులో అది వాయించారు. మా వీధి వెంటే వెళ్లారు. మా పిల్ల వారం రోజులు నాదస్వరం ముట్టలేదు. తాత నాకని దాచింది అందరికీ అయిపోయిందిగా, ఇంక నేను నేర్చుకోవడం దేనికి అంది. మళ్లీ కూర్చోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.”

లోపల షాహీన్ ఆ మల్లారినే పట్టుకుని ఉంది. వేగం పెంచి వాయించే రెండో కాలంలో ఒకేచోట తప్పిపోతోంది, వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడుతోంది. కిరీటి ఫోను తీసి, జైనబ్ బీ ఎదుటే ఆ వీడియోను చెరిపేశాడు. లక్షమందీ, వాళ్లు రాసిన మెచ్చుకోళ్లూ దాంతోపాటే పోయాయి.

జైనబ్ బీ లోపలికి వెళ్లి ఒక క్యాసెట్టు తెచ్చింది. “నాన్న ఇష్టపడి దగ్గరుండి రికార్డు చేయించుకున్న తోడి రాగం ఇది. ఇది పెట్టుకోండి. డోలు వాయించిన ఆయన పేరు కూడా రాయండి. మీరు వీడియోలో పెట్టిన ఫోటో మాత్రం నేను ఇవ్వగలిగింది కాదు. అది తీసింది బజారులో స్టూడియో డేవిడ్‌రాజు గారు. కింద ఆయన పేరుండాలే?”

“కత్తిరించానమ్మా,” అన్నాడు కిరీటి తల దించుకుని. “బాగా కనపడదని.”

బస్సుకు ఇంకా గంట వ్యవధి ఉంది. ఈసారి మాస్టారు చెప్పకుండానే అతను స్టూడియో వెతుక్కుంటూ వెళ్లాడు. జరిగింది దాచకుండా చెప్పి, అనుమతి అడిగాడు. డేవిడ్‌రాజు బీరువాలోంచి అసలు ఫోటో తీసి బల్లమీద పెట్టాడు. కిరీటికి నెట్‌లో దొరికిన ఫోటోలో నబీ సాహెబ్ ఒక్కరే ఉంటారు. ఇందులో ఆయన భుజాన్ని ఆనుకుని, నవ్వుతూ, డోలు విద్వాంసుడు కూడా ఉన్నాడు. “పెడితే ఇద్దరినీ పెట్టు. నా పేరు కోయకు,” అన్నాడు డేవిడ్‌రాజు.

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట రోడ్డు దాటేదాకా కిరీటి ఒళ్లో ఫోటో కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“ఆ మల్లారి మీకు ఎన్నేళ్ల కిందటో చేతికొచ్చింది మాస్టారూ. మాకు నేర్పినా ఆవిడకు తెలిసేది కాదు.”

సీతాపతి మాస్టారు కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నారు:

“చేతికైతే ఎప్పుడో వచ్చింది. వాళ్లు ఇవ్వడమే ఇంకా కాలేదు.”