మింగేసిన కేక

జీలుగుకోన అడవిలో కుందేళ్ళు, జింకలు, ఉడుతలు, అడవిపందులు, ముంగిసలు, ఇన్ని అని చెప్పలేనన్ని పిట్టలు ఉండేవి. ఆ పిట్టల్లో నూకాలు అనే తీతువు పిట్ట ఒకటి. నూకాలు ఎప్పుడూ ఎవరితోనూ పైకి అనని సంగతి ఒకటుంది. అడవి అంతా ఆటకి వీపు పెట్టి కూర్చున్న రోజున, తమ జట్టు కొట్టిన ఒకే ఒక్క గోల్‌ని తను చూసింది. చూసి కూడా నోరు విప్పలేదు.

ఆ గోల్ కథే ఇది.

జీలుగుకోనకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. గొప్ప జట్టేమీ కాదు. నాలుగు ఆటలు ఆడితే రెండు గెలిచేది, ఒకటి ఓడేది, ఒకటి వానకి ఆగిపోయేది. అయినా ఆట ఉందంటే చాలు, పొద్దున్నే అడవంతా వాగు దగ్గర చేరేది. మోదుగాకు దొప్పల్లో నీళ్ళు మోసుకొచ్చి మైదానం తడిపేవాళ్ళు. నేల మెత్తబడితే ఆటగాళ్ళ కాళ్ళకి దెబ్బలు తగలవు. ఎవరి దొప్ప వాళ్ళదే. చీమలు కూడా తలా ఒక చుక్క తెచ్చేవి. ముసలి అడవిపంది పైడమ్మ ముట్టెతో గుంతలు పూడ్చేది.

తర్వాత అందరూ గట్టెక్కి కూర్చునేవాళ్ళు. గోల్ కొట్టినవాడు పరుగెత్తుకుంటూ వచ్చి గట్టు కింద నిలబడేవాడు. పైనుంచి నూకాలు మెడ చాచి, "తీ... తితీ... తితీ!" అని కేక పెట్టేది. ఆ కేక పడితేనే గోల్ పడినట్టు లెక్క. రిఫరీ కొంగ ఎత్తిన కాలు కిందికి దించి గోల్ అని చూపించినా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

నూకాలుకి ఆ చోటు ఊరికే రాలేదు. తీతువు అరిస్తే కీడు జరుగుతుందని అడవిలో పాత భయం. నూకాలు మొదటిసారి గట్టు మీద వాలినప్పుడు కుందేళ్ళు రాళ్ళు తీశాయి. "పో పో! ఇవాళ ఆట ఉంది. ఇప్పుడే దొరికిందా నీకు?" అని తరిమాయి.

గోల్ దగ్గర కాపలా ఉండే అలుగు పోలయ్య అప్పుడు అడ్డొచ్చాడు. పోలయ్యకి ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, ఆవగింజలంత కళ్ళు. మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది.

"ఉండనివ్వండర్రా. దాని గొంతు నాకు పనికొస్తుంది," అన్నాడు.

ఆట అయ్యాక నూకాలుని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మీ, నా చూపు అంతంత మాత్రం. నాలుగడుగుల అవతల ఉన్నది బంతో బండో నాకు తెలియదు. ఎవరితోనూ అనకు, జట్టులోంచి తీసేస్తారు. బంతి కుడివైపు వస్తే ఒక కేక పెట్టు. ఎడమవైపు వస్తే రెండు. చాలు."

"అంతేనా బాబాయ్?"

"అంతే. గోల్ పడితే మాత్రం నీ ఇష్టం. గొంతు పగిలేలా అరుచుకో."

ఆ రోజు నుంచి ఏడేళ్ళు నూకాలు అరుస్తూనే ఉంది, పోలయ్య బంతులు ఆపుతూనే ఉన్నాడు. అడవికి సెల్‌ఫోన్లు వచ్చి, మిణుగురులు వాటికి చార్జింగ్ పెట్టడం మొదలయ్యాక, పోలయ్య ఫోన్ వాడకం నేర్పింది కూడా నూకాలే. అంకెలు కనబడవు కాబట్టి తను ఎవరికీ చేయలేడు. మోగితే మాత్రం పెద్ద మీట నొక్కి, "ఎవరమ్మా?" అనేవాడు. అందరూ తరిమేసిన గొంతుకి ఒక పని దొరికింది. అది తలుచుకున్నప్పుడల్లా నూకాలుకి కడుపు నిండినట్టు ఉండేది.

ఆ ఏడో ఏట జట్టు బాగోగులు చూసే ఏనుగు మందతో పాటు వలస పోయింది. ఇక జట్టుని ఎవరు చూసుకుంటారని అందరూ దిగులుపడుతుంటే నెమలి దొర ముందుకొచ్చాడు. పింఛం విప్పి ఒక చుట్టు తిరిగాడు.

"నాకు వదిలేయండి. ఇకమీదట మైదానం నాది, జట్టు నాది. మీరు చూస్తూ కూర్చోండి చాలు. రెండేళ్ళలో అడవులన్నీ మన పేరే చెప్పుకుంటాయి."

అందరూ ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా కేక పెట్టింది నూకాలే.

దొర మొదట ఆటగాళ్ళందరికీ తన ఈకలతో తోకలు కుట్టించాడు. చూడటానికి అందంగానే ఉండేవి. పరుగెత్తితే కాళ్ళకి చుట్టుకునేవి. కుందేలు బంతి వెనక పడాల్సింది పోయి తన తోక మీద తనే పడేది. తర్వాత మైదానం మధ్యన, సరిగ్గా అందరికీ కనబడే చోట, దొర కూర్చోవడానికి ఎత్తైన అరుగు కట్టించాడు. బంతి దానికి తగిలి వెనక్కి వచ్చేది. ఆట సగమయ్యాక దొర ఆ అరుగెక్కి నాట్యం చేసేవాడు. జట్టు నాలుగు గోల్స్ వెనకబడి ఉన్నా నాట్యం మాత్రం ఆగేది కాదు.

చివరికి నీళ్ళ దొప్పలు కూడా వద్దన్నాడు. "బురద చిమ్మితే నా పింఛం ఏం కావాలి?" అన్నాడు.

నేల బీటలు వారింది. జింకల మోకాళ్ళు చెక్కుకుపోయాయి. వరసగా పదకొండు ఆటలు పోయాయి. ఒక్క గోల్ పడలేదు. నూకాలు ఇక ఆగలేక అరుగు దగ్గరికి వెళ్ళింది.

"దొరా, నేల రాయిలా అయింది. మా నీళ్ళు మేమే మోసుకుంటాం. కాస్త తడపనివ్వండి."

దొర మెడ వంచి దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"నేల మీదికి నెడతావేం? గట్టు మీద అపశకునం పిట్టని కూర్చోబెట్టుకుంటే గెలుపెక్కడిది?"

దొర వెంట తిరిగే కాకులు పడీపడీ నవ్వాయి. ఏడేళ్ళుగా ఎవరూ అనని మాట అది. నూకాలు గిరుక్కున తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రమే అడవినంతా పోగుచేసింది.

"దొరకి కావలసింది మన కళ్ళు. అవి ఇవ్వకుండా ఉంటే సరి. ఎల్లుండి ఆటకి అందరం వద్దాం. ఆటకి వీపు పెట్టి కూర్చుందాం. ఒక్క చూపు ఉండకూడదు. ఒక్క కేక ఉండకూడదు!"

"మంచి ఉపాయం!" అన్నాడు గుడ్లగూబ గవరయ్య. "నాకైతే ఏ ఇబ్బందీ లేదు. వీపు అటు పెట్టి కూర్చున్నా నా మెడ వెనక్కి తిరుగుతుంది."

"మెడ తిప్పకూడదు మామా! అందుకే కదా ఇదంతా!"

"అలవాటమ్మా. అదే తిరుగుతుంది."

చివరికి గవరయ్య కళ్ళకి టేకాకు కట్టాలని తీర్మానించారు. అందరూ నవ్వుకుంటూ లేస్తుంటే పైడమ్మ అడిగింది.

"అంతా బాగానే ఉంది. ఆటగాళ్ళకి ముందు చెప్పొద్దూ? మనం వాళ్ళ మీదే అలిగామనుకుంటారేమో."

"చూస్తే వాళ్ళకే అర్థమవుతుందిలే అత్తా," అంది నూకాలు.

చూడలేనివాడు ఒకడున్నాడని అడవి మొత్తంలో తెలిసింది తనొక్కదానికే. ఆ మాట అంటున్నప్పుడు ఆ ఒక్కడే గుర్తు రాలేదు. కాకుల నవ్వే ఇంకా చెవుల్లో మోగుతోంది.

ఆట రోజు వచ్చింది. అవతల రాతిగుట్ట కోతుల జట్టు. గట్టు మీద మూడొందల వీపులు. ఈల లేదు, చప్పుడు లేదు. దొర అరుగెక్కి పింఛం విప్పాడు. తూర్పుకి తిరిగాడు, పడమరకి తిరిగాడు. ఎటు తిరిగినా వీపులే. పింఛం దానంతట అదే ముడుచుకుపోయింది.

నూకాలుకి పట్టలేనంత సంతోషం కలిగింది. అంతలో వెనక "ధబ్" మని చప్పుడైంది. బంతి గోల్‌లో పడింది. మళ్ళీ ధబ్. మళ్ళీ ధబ్. కోతులు ఆరు కొట్టాయి. ఆరోది పడ్డాక, గోల్ దగ్గర నుంచి నెమ్మదైన గొంతు వినిపించింది.

"అమ్మీ... ఉన్నావా?"

నూకాలు ముక్కు బిగించింది.

"అమ్మీ, ఒంట్లో బాగుందా నీకు?"

అప్పుడు గానీ నూకాలుకి తట్టలేదు. పోలయ్యకి ఈ వీపులు కనబడవు. ఆయనకి తెలిసిందల్లా కేక లేకపోవడమే. ఆటలో ఇంకాస్తే మిగిలి ఉంది. నూకాలు ఆపుకోలేక మెల్లగా తల తిప్పి చూసింది.

పోలయ్య గోల్ వదిలి నడుస్తున్నాడు. బంతి జీలుగు నారతో అల్లింది. ఆ వాసన పట్టుకుని, ముక్కుతో బంతిని నెట్టుకుంటూ వస్తున్నాడు. కోతులు అడ్డుకోవడం మానేసి పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాయి.

"ముసలాడు దారి తప్పాడురోయ్!"

"ఇంటికి పోతున్నాడేమో, పోనీండ్రా!"

పోలయ్య ఆగలేదు. అరుగు తగిలితే దాని చుట్టూ తిరిగి వచ్చాడు. అవతలి గోల్ దగ్గర కోతి నేరేడు పళ్ళు తింటూ కూర్చుంది. దాని నోటి దగ్గరి పండు నోట్లోకి వెళ్ళేలోపు బంతి దాని పక్కనుంచి దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్ళిపోయింది. కొంగ ఎత్తిన కాలు కిందికి దించింది. ఆ ఏడాదికి అదే మొదటి గోల్. పోలయ్య జన్మలో కూడా అదే మొదటిది.

పోలయ్య గట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు. ముఖం పైకెత్తి, చెవి ఇటు పెట్టి ఎదురుచూశాడు.

కేక నూకాలు గొంతు దాకా వచ్చింది. పక్కన మూడొందల వీపులు కదలకుండా ఉన్నాయి. ఒక్క కేక కూడా ఉండకూడదన్నది తనే. ఇప్పుడు తనే అరిస్తే రేపు ఎవరు మాట వింటారు? దొర ఎంత నవ్వుతాడు? నూకాలు తల తిప్పేసుకుని కేకని మింగేసింది.

పోలయ్య చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత పొలుసుల్లోకి ముడుచుకుపోయి ఉండలా కూర్చున్నాడు. ఆట అయిపోయి అందరూ వెళ్ళాక లేచి, నల్లగుట్ట దారి పట్టాడు. ఇక రాలేదు.

ఆ తర్వాత రెండు ఆటలకి కూడా అడవి వీపు పెట్టే కూర్చుంది. దొరకి తిండి సయించలేదు. "చూసే కళ్ళు లేని చోట నాకేం పని?" అని ఒక పొద్దున్న వెళ్ళిపోయాడు. కాకులు వెంట వెళ్ళలేదు. దారిలోనే ఈకలు రాలే కాలం వచ్చి పింఛమంతా ఊడిపోయింది. పక్క అడవిలో ఒక ముంగిస దొరని ఆపి, "ఏ ఊరి కోడివి?" అని అడిగిందట.

జీలుగుకోనలో పండగ మొదలైంది. తోకలు కత్తిరించేశారు. పైడమ్మ అరుగుని ముట్టెతో పెళ్ళగించింది. మోదుగాకు దొప్పలు మళ్ళీ వాగు నుంచి మైదానానికి బారులు తీరాయి. తడిసిన మట్టి వాసనకి నూకాలు కళ్ళు చెమర్చాయి. ఒకప్పుడు రాయి తీసిన కుందేలే ఇప్పుడు వచ్చి దాని ముందు తల వంచింది.

"నీ వల్లే మన ఆట మనకి దక్కింది నూకాలూ. నీ మేలు మరచిపోం."

నూకాలు చూపు గోల్ వైపు వెళ్ళింది.

ఆ రోజు జట్టు ఏడు గోల్స్ కొట్టింది, ఏడు ఇచ్చుకుంది. గోల్ దగ్గర ఎలుగుబంటి నిలబడింది. బంతి కుడివైపు రాగానే నూకాలు అలవాటు కొద్దీ ఒక కేక పెట్టింది.

"ఎవరే అది, చెవిలో అరుస్తావు! ఉలిక్కిపడి చస్తున్నా," అంది ఎలుగుబంటి.

ఆట అయ్యేసరికి పొద్దు వాలుతోంది. పైడమ్మ గుంతలు పూడ్చుకుంటూ గట్టు కిందికి వచ్చింది.

"పోలయ్య నల్లగుట్టలో చెల్లెలింట్లో ఉన్నాడట. 'నేను ఇక పనికిరాననే అమ్మి నోరు మూసుకుంది' అని చెప్పుకున్నాడట."

"పనికిరావని నేనెప్పుడన్నాను అత్తా!"

"మరేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"అదే చెబుతున్నా," అంది పైడమ్మ, ముట్టె ఎత్తకుండానే. "అందరం దొరకి వీపు పెట్టాం. ఆ పోలయ్య ఏం చేశాడు మనల్ని?"

నూకాలు రెక్క కింద నుంచి ఫోన్ తీసింది. ఈ నెల రోజుల్లో ఎన్నిసార్లు తీసిందో, ఎన్నిసార్లు మళ్ళీ లోపల పెట్టేసిందో. ఆయనే చేస్తాడేమోనని చూసింది. ఆయన ఎలా చేస్తాడు? అంకెలు కనబడవు కదా. ఎవరో ఒకరు చేయాలి. మోగితేనే ఆయన "ఎవరమ్మా?" అనగలడు.

ఏమని మొదలుపెట్టాలి? తప్పయిందనాలా? ఏడేళ్ళ క్రితం అందరూ తరుముతుంటే "ఉండనివ్వండర్రా" అన్నందుకు దండం పెట్టాలా? గోల్ నేను చూశాను బాబాయ్, కొంగ కంటే ముందు నేనే చూశాను అనాలా? అన్నీ చెప్పాలి. కానీ ఆయన ఆ రోజు గట్టు కింద నిలబడి వినాలనుకున్నది ఇవేవీ కాదు.

మైదానం ఖాళీ అయింది. తడి నేల మీద వందల పాదాల గుర్తులు. నూకాలు గట్టు చివరికి వెళ్ళి నల్లగుట్ట వైపు తిరిగింది. ఇవాళ చేసేస్తాననుకుంది. "ఎవరమ్మా?" అనగానే ముందు కేక పెడతాను, మాటలు తర్వాత అనుకుంది. మెడ చాచి, గుండె నిండా గాలి పీల్చుకుని, పోలయ్య పేరు మీద నొక్కింది.

నీతి: చెడ్డవాడి మీది కోపం మంచివాడికి తగలకుండా చూసుకోవాలి, మేలు చేసినవాడి మీద కృతజ్ఞత మనసులో ఉంటే చాలదు, అది అతని చెవిన పడాలి.