బోడికొండమ్మ మబ్బుకోక

ఒకప్పుడు కొండలకు బట్టల్లేవు. అందరూ అలాగే ఉండేవారు కాబట్టి ఎవరికీ సిగ్గనిపించలేదు.

మా ఊరి వెనకున్న బోడికొండమ్మకు మాత్రం వానాకాలంలో చలి, చలికాలంలో ఇంకా చలి. ఎండాకాలంలో చలి ఉండేది కాదు గానీ, అలవాటు కొద్దీ వణికేది.

ఒక సంతరోజున దిగువ నుంచి ఉప్పమ్మే ఆవిడ వచ్చింది. నేల మీద జీరాడే తెల్లచీర కట్టుకుంది. బోడికొండమ్మ ఆ చీర చూసింది. మా ఊరివాళ్ళూ చూశారు. ఎంతసేపు చూశారంటే, ఉప్పు కొనడం మరిచిపోయి ఇంటికి వెళ్ళారు. వారమంతా చప్పటి కూర తిన్నారు.

"నాకూ అలాంటి కోక కావాలి" అంది బోడికొండమ్మ, పైన పోతున్న మబ్బుతో.

మబ్బుకు వేరే పనేం లేదు. "దానికేం భాగ్యం!" అంటూ దిగివచ్చి కొండను మెడ నుంచి పాదాల దాకా చుట్టేసింది. అక్కడైనా ఆగిందా? మిగిలిన కుచ్చిళ్ళన్నీ మా ఊరి మీద పరిచింది.

ఊరంతా తెల్లగా అయిపోయింది. కోములు మామ తన ఆవనుకుని పక్కింటి ఆవును తోలుకొచ్చాడు. మంచులో కనబడలేదన్నాడు. మంచు లేని రోజుల్లో కూడా ఆయనకు అలా జరుగుతుండేదని నేను చెప్పను.

కానీ గురుబారి అవ్వకు నవ్వు రాలేదు. చోళ్ళు, అంటే రాగులు, కోసి వెన్నులన్నీ కళ్ళంలో ఆరబోసుకుంది. ఎండ లేదు. మూడు రోజులకు వెన్నులు మెత్తబడ్డాయి. నాలుగో రోజు అడుగు వెన్నుల్లో తెల్లటి మొలకలు కనిపించాయి. అలా ముక్కిపోయి మొలకెత్తిన గింజ అంబలికీ రాదు, విత్తనానికీ రాదు. ఇంట్లో ఆరుగురు.

అవ్వ ఆకాశం వైపు తలెత్తి అరిచింది. "సూర్యుడా! ఎక్కడ పడుకున్నావు?"

"పడుకోలేదు అవ్వా, రోజూ వస్తూనే ఉన్నాను" అన్నాడు సూర్యుడు. "మీ కొండమ్మ కోక అడ్డం. పక్కకు లాగితే మర్యాదగా ఉండదని ఊరుకున్నాను."

అంతలో అవ్వ కోడలు సుక్రి కుంటుకుంటూ వచ్చింది. ఉప్పావిడను చూసినప్పటి నుంచి సుక్రి కూడా కోకను మడమల దాకా దించి కడుతోంది. అంచు నిండా బురద. లోపల ఏడు జలగలు.

"వాలులో జారి పడ్డాను అత్తా" అంది సుక్రి. "కానీ పడేదాకా చాలా బాగుంది."

అవ్వ కోడలి కోకను మోకాళ్ళ పైకి లాగింది. రెండు చుట్లు గట్టిగా చుట్టింది. చంక కింది నుంచి కొస తెచ్చి భుజం మీద ముడి వేసింది.

ముడి వేస్తూ కొండ వైపు చూసింది. వెంటనే బయలుదేరింది.

బోడికొండమ్మ దగ్గుతోంది. పాదాల దగ్గర నేల నాని, రాళ్ళు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

"కోక తీయమనడానికేగా వచ్చావు?" అంది కొండమ్మ. "తీయను. మళ్ళీ చలికి చస్తాను."

"తీయమని ఎవరన్నారు? కట్టడం తెలియలేదు నీకు" అంది అవ్వ. "ఆ ఉప్పావిడది ఎండ ఊరు. నేల గట్టిగా ఉంటుంది, కుచ్చిళ్ళు జీరాడినా దుమ్మే అంటుతుంది. మనకు సగం ఏడాది వానే. గడ్డి తడి, దారి ఏటవాలు, జలగలు సరేసరి. మన కోక మనలాగే ఉండాలి."

"పొట్టిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఏమీ అనుకోవడం లేదు కొండమ్మా. నీ కుచ్చిళ్ళలో దారి తప్పి తిరుగుతున్నారు."

కొండమ్మ తన పాదాల వైపు చూసుకుంది. ఇంకో రాయి జారింది. "సరే, కట్టు" అంది.

అవ్వ మబ్బు అంచు పట్టుకుని మోకాళ్ళ పైకి లాగింది.

"మరి నా పొడుగంతా ఏం కావాలి?" అంది మబ్బు.

"రెండు చుట్లు చుట్టుకో. కొండమ్మకు దుప్పటిలా వెచ్చగా ఉంటావు."

మబ్బు చుట్టుకుంది. అవ్వ కొస తెచ్చి కొండమ్మ భుజం మీది పెద్ద బండకు ముడి వేసింది.

ఊరి మీద ఎండ పడింది. కోములు మామ చేతిలో ఎవరి ఆవు ఉందో అందరికీ కనబడింది. అవ్వ కళ్ళానికి పరుగెత్తి వెన్నులు తిరగేసింది. అడుగు పొర పోయింది. మిగిలింది సాయంత్రానికి ఆరింది. ఒక గింజ కొరికి చూస్తే కటుక్కుమంది. అప్పుడు నవ్వింది అవ్వ.

అప్పటినుంచే వానాకాలంలో మబ్బు కొండకు మోకాళ్ళ పైదాకానే ఉంటుంది. ఒక భుజం మీద ముడిలా గుబురుగా కనిపిస్తుంది. పాదాలు మాత్రం ఎండలో ఆరుతుంటాయి. మా ఆడవాళ్ళూ కోక అలాగే కడతారు. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారని బోడికొండమ్మను అడగకండి, అంతా తనను చూసే అంటుంది. ఇప్పటికీ ఏ పొద్దునో మంచు ఊళ్ళోకి దిగిందంటే, సంతకు ఎవరో కొత్త చీర కట్టుకుని వచ్చి ఉంటారు.