సగం సామెత

పాస్టరు ఒయెలామిగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కళ్లు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని అడిగినవాళ్లు లేచిపోతే ఆయనకు అదొక ఉపశమనం. యొరూబా దేశంలోని ఆ చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పిందే చెప్పి అలసిపోయిన మనిషి.

ఆయన దగ్గర సేవకు తర్ఫీదవుతున్న కొలావొలె ఒక సాయంత్రం ఇలా అడిగాడు: "అయ్యా, మన పెద్దలు సామెతను మాటకు గుర్రమంటారు. మాట దారి తప్పితే ఆ గుర్రమెక్కి వెతుకుతారట. దేవుని వాక్యం దారి తప్పదు కదా. క్రీస్తును ఎరగనివాళ్లు చెప్పుకున్న సామెతలు మనకెందుకు?"

గురువుగారు కళ్లు మూసుకునే, రేపు వాక్యం పట్టుకుని అడిగున్ ఇంటికి వెళ్లి రమ్మన్నారు.

అడిగున్ డోళ్లు చేసే ముసలాయన, సంఘంలో పెద్ద. కూతురు మొరెనికె తను వద్దన్నవాణ్ణి చేసుకుంటే వీధిలో అందరి ముందూ చెంప పగలగొట్టి పంపేశాడు. ఇప్పుడా భర్త పోయాడు. చంటిబిడ్డతో తిరిగొచ్చిన ఆమెను గడప తొక్కనివ్వనన్నాడు. తల్లీబిడ్డా చర్చి వరండాలో పడుకుంటున్నారు. వానాకాలం, జల్లు లోపలికి కొడుతోంది, బిడ్డకు దగ్గు పట్టుకుంది.

కొలావొలె వెళ్లి, నిలబడే, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకును తండ్రి కౌగిలించుకున్న ఉపమానం చదివాడు. అడిగున్‌కు అది కంఠతా వచ్చు. కుర్రవాడు తడబడినచోట తనే అందించాడు కూడా. అంతా విని, "బాగా చదివావు నాయనా. ఆ తండ్రి గొప్పవాడు. నేను కాను," అని మళ్లీ డోలుకు తోలు బిగించుకున్నాడు. అంతగా తెలిసినవాడికి ఇంకేం చెబుతాం? కొలావొలె వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

మర్నాడు గురువుగారు నిట్టూర్చి తనే బయల్దేరారు, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని. అడిగున్ ఆయనకంటే వయసులో పెద్ద. అందుకని మోకాళ్లు సహకరించకపోయినా, అక్కడి మర్యాద ప్రకారం మట్టినేల మీద బోర్లా పడుకుని దణ్ణం పెట్టారు. పెద్దల ముందు సామెత చెప్పాలంటే చిన్నవాడు ముందుగా మన్నింపు అడగాలి. అదీ అడిగారు. "ఇంకొకటి చెప్పేదాకా బతుకు," అని ముసలాయన ఆనవాయితీ ప్రకారం దీవించాడు.

"బాబా, బిడ్డను ఎడమచేత్తో కొడితే..." అని గురువుగారు ఆగిపోయారు.

తోలు మీద అడిగున్ చేతులు ఆగాయి. చిన్నవాడు సగం చెప్పిన సామెతను పెద్దవాడు పూర్తిచెయ్యాలి. అలా వదిలేస్తే, ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపినంత తప్పు. పైగా మనిషి గొంతులా సామెతలు పలికే డోళ్లు చేసే జన్మ ఆయనది. డోలు పక్కకు పెట్టాడు. చివరకు, "కుడిచేత్తో దగ్గరికి తీసుకోవాలి," అన్నాడు. అని, తన కుడిచెయ్యి ఇప్పుడే చూసినట్టు చూసుకున్నాడు. మరి కూర్చోలేదు. నెత్తిన గుడ్డయినా వేసుకోకుండా వానలోనే చర్చి వైపు నడిచాడు.

ఆయన బిడ్డను భుజానేసుకుని, మొరెనికె తల మీద కుడిచెయ్యి అడ్డుపెట్టి తీసుకొస్తుంటే కొలావొలెకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే సందేహమూ వచ్చింది. అయితే వాక్యం చెయ్యలేని పని సామెత చేసినట్టేనా అని అడిగాడు.

గురువుగారు మోకాళ్లు రుద్దుకుంటూ అరుగు మీద కూలబడ్డారు. "నిన్న నువ్వు చదివిన తండ్రే కదయ్యా ఆ వస్తున్నది," అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని అడిగారు:

"ప్రభువుకు కాళ్లు లేకనా, యెరూషలేముకు ఎక్కి వెళ్లడానికి ఎవరిదో గాడిదపిల్లను అడిగి తెప్పించుకున్నాడు?"